మతి చలించినవారి మిత్రుడు – డాక్టర్ బెంజమిన్ రష్



మన గ్రామములలో ఎవరికైనను జ్వరము వచ్చి మంచము పట్టినయెడల ఇరుగుపొరుగువారు ఊరకుండరు. ఒకరు రొట్టె తెత్తురు, ఒకరు బత్తాయిలు తెత్తురు, సంఘపు పెద్దలు వచ్చి ప్రార్థన చేసి పోవుదురు. అయితే రెండు విధములైన రోగుల యింటికి ఎవరును పండ్లు పట్టుకొని పోరు. మతి చలించినవాని యింటికి పోరు. త్రాగుడునకు దాసుడైనవాని యింటికి పోరు. మొదటివానిని చూచి భయపడుదుము, రెండవవానిని చూచి అసహ్యించుకొందుము. మొదటివాని తల్లి తలుపు వేసికొని లోపల కూర్చుండును. రెండవవాని భార్య ఆరాధనకు వచ్చినను కడపటి చాపమీద కూర్చుండి, అందరికంటె ముందుగా లేచి పోవును. వీరిది రోగమా, పాపమా, దయ్యపు పీడయా అని మనలో మనము గుసగుసలాడుదుము గాని, ఆ యింటి గడప మాత్రము త్రొక్కము.

ఈ ప్రశ్న క్రొత్తది కాదు. రెండువందల సంవత్సరములకు పూర్వమే అమెరికా దేశములో ఒక వైద్యుడు దీనిని ఎదుర్కొనెను. ఆయన కనుగొనిన జవాబును, ఆయన చేసిన గొప్ప పొరపాటులను, చివరకు ఆయన సొంత యింటిలో కలిగిన దుఃఖమును ఈ మాసము తెలిసికొందము.

బెంజమిన్ రష్ 1746వ సంవత్సరము జనవరి 4వ తేదీన ఫిలడెల్ఫియా పట్టణమునకు సమీపమున బైబెరీ అను పల్లెలో జన్మించెను. ఆ పట్టణపు పేరు మనకు తెలియనిది కాదు. ప్రకటన గ్రంథములోని యేడు సంఘములలో ఒకటైన ఫిలదెల్ఫియ పేరే అది. సహోదర ప్రేమ అని దాని భావము. బెంజమిన్ తండ్రి తుపాకులు చేయు పనివాడు, సేద్యగాడు. బాలునికి అయిదేండ్లప్పుడు, 1751లో, ఆయన మరణించెను. తల్లి సుసన్నా పట్టణములో కిరాణా దుకాణము పెట్టుకొని పిల్లలను పోషించెను. ఆమె సహోదరి భర్తయైన సామ్యూల్ ఫిన్లే అను ప్రెస్బిటేరియన్ పాదిరి మేరీలాండు ప్రాంతములో ఒక బడి నడుపుచుండెను. ఎనిమిదేండ్ల ప్రాయమున బెంజమిన్ అక్కడికి పంపబడెను. తరువాత ప్రిన్స్‌టన్ కళాశాలలో చదివి 1760లో, అనగా 14 ఏండ్లకే, పట్టము పొందెను.

పిమ్మట అయిదేండ్లకు పైగా డాక్టర్ జాన్ రెడ్‌మన్ అను వైద్యుని యొద్ద శిష్యుడుగా నుండి, సముద్రము దాటి స్కాట్లాండు దేశములోని ఎడింబరో విశ్వవిద్యాలయమునకు పోయి, 1768లో వైద్య పట్టమును సంపాదించెను. 1769లో స్వస్థలమునకు తిరిగి వచ్చినప్పుడు ఆయనకు ఇరువదిమూడేండ్లు. ఆ యేడే ఫిలడెల్ఫియా కళాశాలలో రసాయన శాస్త్ర ఆచార్యుడుగా నియమింపబడెను. ధనవంతుల కుటుంబములకు అప్పటికే పాత వైద్యులుండిరి. కాబట్టి రష్ బీదలలో వైద్యము ఆరంభించెను. నిచ్చెనలెక్కి అటకలమీద కాపురమున్న రోగులను చూచి, సొమ్ము వచ్చినను రాకున్నను మందిచ్చి వచ్చుచుండెను.

1776లో ఆయన జూలియా స్టాక్‌టన్‌ను వివాహమాడెను. ఆ యేడే అమెరికా స్వాతంత్ర్య ప్రకటనపై సంతకము చేసినవారిలో ఒకడయ్యెను. ఆ పుణ్య దంపతులకు 13 మంది బిడ్డలు పుట్టిరి. వారిలో నలుగురు పసితనములోనే పోయిరి. యుద్ధము సాగుచుండగా రష్ సైన్య వైద్యుడుగా పని చేసెను. అక్కడ ఆయన కన్నులారా చూచినదేమనగా, శత్రువుల గుండ్లకంటె మురికియు, జ్వరములును, సారాయియు సైనికులను ఎక్కువగా చంపుచుండెను. ఆ దినములలో ప్రతి సైనికునికి రమ్ము అను సారాయి కొలిచి ఇచ్చుట ఆచారము. అది బలమిచ్చునని, చలిని ఆపునని అందరును నమ్మిరి. అది బలమియ్యదని 1777లోనే రష్ సైనికుల ఆరోగ్యమును గూర్చి వ్రాసిన సలహాలలో హెచ్చరించెను.

యుద్ధము ముగిసిన తరువాత ఆయన ఈ సంగతిని విడిచిపెట్టలేదు. 1784లో సారాయి మనుష్యుని శరీరమునకును మనస్సునకును చేయు హానిని గూర్చి ఒక చిన్న పుస్తకమును ప్రచురించెను. త్రాగుడు తప్పు అని అంతకు ముందు పాదిరులు ఎందరో ప్రసంగించిరి. రష్ మాత్రము ప్రసంగము చేయలేదు. రోగమును పరీక్షించు వైద్యుని వలె పరీక్షించెను. త్రాగుబోతు మొదట తన యిష్టము చొప్పున త్రాగును. కొంత కాలమునకు అది అలవాటగును. కడపట అది అవసరమగును. అప్పుడు వాని చిత్తమే వ్యాధిగ్రస్తమగును గనుక మానవలెనని కోరినను మానలేడు అని ఆయన వివరించెను. కామెర్లు, పొట్టలో నీరు చేరుట, మూర్ఛలు, మతిభ్రమణము మొదలగు రోగములు సారాయివలన వచ్చుట ఆయన గుర్తించెను. కొన్ని కుటుంబములలో తండ్రి తరువాత కుమారుడును ఆ దారినే పోవుటయు గమనించెను. జ్వరమును కొలుచు ధర్మామీటరు వంటి ఒక బొమ్మను గీయించి, పైభాగమున నీళ్లు, పాలు మొదలగువాటిని, క్రిందికి దిగినకొలది ఘాటైన సారాయిలను, వాటి ప్రక్కన వాటివలన కలుగు రోగములను, అప్పులను, చెరసాలను, ఉరికంబమును వ్రాయించెను. చదువు అంతగా రానివారు సైతము దాని భావమును గ్రహింపగలిగిరి.

కోతల కాలములో కూలీలకు సారాయి పోయుట అక్కడి రైతుల వాడుక. అది లేనిదే కోత సాగదని వారి నమ్మకము. దానికి బదులు నీళ్లు కలిపిన మజ్జిగయో, బెల్లపు పాకముతో తీపి చేసిన పుల్లని నీళ్లో ఇయ్యవలసినదని రష్ సలహా ఇచ్చెను. మన పొలములలో ఎండకాలమున మజ్జిగ కుండ మోసికొని పోవు తల్లులకు ఈ మాటను ఎవరును నేర్పనక్కరలేదు గదా! 1811లో ఆయన తన పుస్తకపు ప్రతులు వెయ్యి తీసికొని, ప్రెస్బిటేరియన్ సంఘముల మహాసభకు ఉచితముగా అప్పగించెను. త్రాగుబోతును తిట్టి పంపక, చేర్చుకొని చూచుకొను ప్రత్యేకమైన గృహములు ఉండవలెనని కూడ ఆయన కోరెను.

ఇప్పుడు ఆయన రెండవ పరిచర్యకు వత్తము. ఫిలడెల్ఫియాలో 1751లో స్థాపింపబడిన పెన్సిల్వేనియా ఆసుపత్రిలో 1783 మొదలుకొని రష్ వైద్యుడుగా నుండెను. మతి చలించినవారిని ఆ ఆసుపత్రి నేలమాళిగలోని చిన్న గదులలో ఉంచిరి. కొందరిని సంకెళ్లతో కట్టిరి. పట్టణపు ప్రజలు వేడుక చూచుటకు వచ్చుచుండగా, గుంపును ఆపుటకై అధికారులు కొంత రుసుము పెట్టిరి. అయినను వచ్చువారు వచ్చుచునే యుండిరి. జంతుశాలలో మృగములను చూచినట్లు మనుష్యులు మనుష్యులను చూచిరి. మతిలేనివారికి చలియు వేడియు తెలియవని లోకులు నమ్ముటచేత చలికాలములో వారికి వెచ్చదనమును గూర్చి చింతించువాడు లేకపోయెను.

రష్ 1789లో ఆసుపత్రి అధికారులకు ఒక విన్నపము వ్రాసెను. ఆ గదులు చెమ్మగిలి, శీతకాలమున చలితోను, ఎండకాలమున ఉక్కతోను రోగులను పీడించుచున్నవనియు, మతి బాగుచేసికొనుటకు వచ్చినవారు క్షయతో చచ్చుచున్నారనియు తెలియజేసెను. ఆయన ఊరకుండక చట్టసభవారిని, పత్రికలను ఆశ్రయించెను. చివరకు ధనము మంజూరై, 1796లో మనోవ్యాధిగలవారి కొరకు ఆసుపత్రికి పడమటి భాగము కట్టబడెను. అదే సంవత్సరమున ఇంగ్లాండు దేశములోని యార్కు పట్టణములో విలియం ట్యూక్ అను తేయాకు వర్తకుడు, క్వేకరు సహోదరుల సహాయముతో, ఇటువంటి రోగులను ప్రేమతో చూచుకొను గృహమును తెరచెను. దేవుడు రెండు తీరములలోను ఒకే దీపమును వెలిగించెనని చెప్పవచ్చును.

రష్ తన రోగులను ఎట్లు చూచెను? వారు చెప్పునది ఓపికతో వినెను. తమ మనస్సులో నున్నది కాగితముపై వ్రాయుమని కొందరిని ప్రోత్సహించెను. మతిలేనివాడు గదా అని వానితో అబద్ధమాడరాదని, ఇచ్చిన మాట తప్పరాదని శిష్యులకు బోధించెను. రోగులను చూడబోవునప్పుడు పండ్లో, తీపి రొట్టెలో తీసికొని పోవుట మేలని సలహా ఇచ్చెను. మరియొక సంగతిని ఆయన గమనించెను. బీద రోగులు కట్టెలు కొట్టుట, తోట త్రవ్వుట, బట్టలు ఉతుకుట మొదలగు పనులలో సాయపడి, అనేకసార్లు స్వస్థులై యింటికి పోవుచుండిరి. గొప్పింటివారు పనిచేయక కూర్చుండుటచేత సంవత్సరముల తరబడి అక్కడనే యుండిరి. కాబట్టి పని కూడ ఒక మందేయని ఆయన నిర్ణయించెను.

సహోదరులారా, ఇంతవరకు చెప్పి ఊరకుంటినేని సగము సత్యమే చెప్పినవాడనగుదును. రష్ గొప్ప హృదయముగలవాడు. అయినను ఆయన చికిత్సలలో అనేకము హానికరమైనవి.

1793లో ఫిలడెల్ఫియా పట్టణమును పచ్చజ్వరము పట్టెను. సుమారు 5,000 మంది మరణించిరి. పారిపోగలిగినవారు పారిపోయిరి, రష్ పారిపోలేదు. రాత్రింబగళ్లు రోగులను చూచెను. తాను జ్వరపడెను, సహోదరిని, ముగ్గురు శిష్యులను పోగొట్టుకొనెను. అయితే ఆయన ఇచ్చిన చికిత్స ఏమి? పాదరసముతో కూడిన విరేచన మందు, అటు తరువాత నరము కోసి రక్తము తీయుట. మనుష్యుని దేహములో నిజముగా నున్నదానికంటె ఎంతో ఎక్కువ రక్తమున్నదని ఆయన తలంచెను. నల్లజాతివారికి ఈ జ్వరము రాదని కూడ నమ్మి, రిచర్డ్ ఆలెన్, అబ్సలోం జోన్స్ అను వారి నాయకులను పరిచర్యకు రమ్మని కోరెను. వారు ధైర్యముతో వచ్చి రోగులకు ఉపచారము చేసిరి, శవములను పాతిపెట్టిరి. వారిలోను అనేకులు ఆ జ్వరమునకే బలియైరి. ఆ జ్వరము దోమవలన వ్యాపించునని కార్లోస్ ఫిన్లే అను క్యూబా వైద్యుడు 1881లో సూచింపగా, 1900లో అది రుజువయ్యెను. రష్ దినములలో ఎవరికిని అది తెలియదు.

తెలియకపోవుట ఆయన దోషము కాదు. తన చికిత్స పొందినవారిలో ఎందరు బ్రదికిరి, పొందనివారిలో ఎందరు బ్రదికిరి అని నెమ్మదిగా లెక్కించి చూడకపోవుటయే ఆయన లోపము. బ్రదికినవానిని చూచి నా మందు పని చేసెననుకొనెను. చచ్చినవానిని చూచి రక్తము చాలినంత తీయలేదనుకొనెను. ఫ్రాన్సు దేశములో పియర్ లూయీ అను వైద్యుడు 1835లో రోగులను లెక్కించి, రక్తము తీయుటవలన అనుకొన్నంత మేలు లేదని చూపించెను. అప్పటికి రష్ మరణించి ఇరువదిరెండేండ్లు గడిచెను.

మతి చలించుటకు కూడ మెదడులోని రక్తనాళములే మూలమని ఆయన భావించెను. కనుక వారికిని రక్తము తీసెను. 1810 ప్రాంతమున ఆయన ఒక కుర్చీని చేయించెను. రోగిని అందులో కూర్చుండబెట్టి, చేతులు, కాళ్లు, నడుము పట్టీలతో బిగించి, తలకు కొయ్య పెట్టె తొడిగి, గంటల తరబడి కదలకుండ ఉంచుదురు. సంకెళ్లకంటె ఇది మేలని ఆయన మనఃపూర్వకముగా నమ్మెను. ఈ దినమున ఆ బొమ్మను చూచినవారు నిట్టూర్చక మానరు.

ఇక ఆయన యింటి సంగతి వినుడి. పెద్ద కుమారుడు జాన్ 1777లో పుట్టెను. వైద్యము కొంత నేర్చుకొని, దానిని విడిచి నౌకాదళములో చేరెను. 1807లో న్యూ ఆర్లియన్స్ రేవులో నున్నప్పుడు తన స్నేహితునితో ద్వంద్వయుద్ధము చేసి అతనిని చంపెను. అటు తరువాత జాన్ మనస్సు కుదుటపడలేదు. చావగోరెను, మాటలు మానెను. 1810లో అతనిని తండ్రి యింటికి తెచ్చినప్పుడు జుట్టును గోళ్లును పెరిగి, తల్లిదండ్రులతో సహోదరులతో మాటలాడక దిగులుతో నుండెను. ఇంటిలో కొన్ని దినములు ప్రయత్నించి, ఫలము లేక, తండ్రి అతనిని తన ఆసుపత్రిలోనే చేర్చెను. ఏ గదుల కొరకు తాను పోరాడెనో ఆ గదులలోనే తన జ్యేష్ఠ కుమారుడు నివసింపవలసి వచ్చెను. దేశమునకు అధ్యక్షులుగా నుండిన తన స్నేహితులు జాన్ ఆడమ్స్‌కును, థామస్ జెఫర్సన్‌కును ఆయన ఈ దుఃఖమును దాచక వ్రాసెను.

ఇక్కడ మనము కొంచెము ఆగవలెను. అంతటి పేరుగల వైద్యుడు, సిగ్గుచేత కుమారుని ఏ దూర దేశములోనో దాచియుండవచ్చును. అతడట్లు చేయలేదు. ఆ 1810లోనే ఆసుపత్రి అధికారులకు మరల విన్నపము వ్రాసి, రోగులతో నుండి వారిని కనిపెట్టుటకు బుద్ధిమంతులైన స్త్రీ పురుషులను నియమింపవలెనని, రోగులకు పనియు వినోదమును కల్పింపవలెనని వేడుకొనెను. రెండేండ్లకు, 1812లో, మనస్సుకు వచ్చు రోగములను గూర్చి తన పెద్ద గ్రంథమును ప్రచురించెను. ఆ విషయమును గూర్చి అమెరికాలో వ్రాయబడిన మొదటి వైద్య గ్రంథము అదియే. దానిలోని మందులు చాలవరకు కాలముతో కొట్టుకొనిపోయెను. కాని మతి చలించుట రోగమనియు, రోగిని వైద్యుడు చూడవలెననియు, అతడు మనుష్యుడనియు అందులో చెప్పిన మూలసత్యము నిలిచెను.

1813 ఏప్రిల్ 19న రష్ తన 67వ యేట జ్వరముతో మరణించెను. కుమారుడు జాన్ మాత్రము బాగుపడలేదు. తండ్రి పోయిన తరువాత కూడ అదే ఆసుపత్రిలో ఇటునటు నడుచుచు, 1837లో మరణించువరకు, మొత్తము 27 సంవత్సరములు గడిపెను. తండ్రి జ్ఞానము కుమారుని స్వస్థపరచలేకపోయెను. అయితే ఆ కుమారుడు నేలమాళిగలో సంకెళ్లమధ్య గాక, వెలుతురుగల గదిలో జీవించెను. అది తండ్రి చేతి పనియే.

అటు తరువాతి చరిత్రను క్లుప్తముగా చెప్పెదను. 1935లో అమెరికాలోని ఆక్రన్ పట్టణమున త్రాగుడునుండి విడుదల కోరిన ఇద్దరు మనుష్యులు ఒకరికొకరు తోడై ఒక సహవాసమును ఆరంభించిరి. అది లోకమంతట వ్యాపించెను. త్రాగుడు మాన్పుటకు సహాయపడు డైసల్ఫిరామ్ అను మందు 1948లో డెన్మార్కులో వెలువడెను. 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ అతిగా రేగిన మనస్సును లిథియం శాంతింపజేయునని చూపెను. 1952లో ప్యారిస్ వైద్యులు క్లోర్‌ప్రొమజీన్ అను మందుతో, ఎన్నో యేండ్లుగా మతి చలించియున్న రోగులలో మార్పు కనుగొనిరి. త్రాగుడు వ్యసనము రోగమని అమెరికా వైద్య సంఘము 1956లో అంగీకరించెను. రష్ వ్రాసిన 172 సంవత్సరములకు ఆ మాట నెరవేరెను. ఫిలడెల్ఫియాలోని ఆయన సమాధి యొద్ద 1965లో మానసిక వైద్యుల సంఘమువారు ఫలకమును ప్రతిష్ఠించి, ఆయనను అమెరికా మానసిక వైద్యమునకు తండ్రిగా గౌరవించిరి.

మనము నేర్చుకొనవలసినది ఏమి? రష్ జీవితము రెండు చేతుల వంటిది. ఒక చేయి ప్రేమ. ఒక చేయి జ్ఞానము. ప్రేమ లేనివారు రోగిని నేలమాళిగలో బంధించిరి. పరీక్షింపబడని జ్ఞానముతో ప్రేమించినవాడు రోగి రక్తమును తీసెను. మనము కూడ మంచి మనస్సుతోనే ఎన్నో హానులు చేయుదుము. మతి చలించినవానిని చెట్టుకు కట్టుదుము, దయ్యమని కొట్టించుదుము, వేపమండలతో బాదించుదుము. ప్రార్థన చేసితిమి గదాయని వైద్యుడిచ్చిన మాత్రలను మాన్పించుదుము. లూకా వైద్యుడే గదా! ప్రార్థన చేయు చేతులే రోగిని ఆసుపత్రికి నడిపింపవచ్చును. ఆ రెంటికిని వైరము లేదు.

త్రాగుడును గూర్చి మరియొక మాట జ్ఞాపకముంచుకొనుడి. ఒక్కసారిగా మానివేయవలెనని రష్ బోధించెను. తక్కువగా త్రాగువానికి అది మంచిదే. కాని ఏండ్ల తరబడి ప్రతిదినము అధికముగా త్రాగినవాడు ఒక్కసారిగా మానినయెడల, ఒకటి రెండు దినములలో చేతులు వణకుట, చెమటలు, మూర్ఛలు, లేనివి కన్నట్లు మాటలాడుట కలుగవచ్చును. ప్రాణమునకే అపాయము రావచ్చును. ఈ స్థితిని ఇంగ్లాండు వైద్యుడు థామస్ సట్టన్ ఒక ప్రత్యేక రోగముగా వర్ణించినది 1813లో, రష్ మరణించిన ఆ యేడే. కాబట్టి అట్టివాడు మానెదనని ముందుకు వచ్చిన దినమున వానిని గదిలో పెట్టి తాళము వేయకుడి. వైద్యుని యొద్దకు తీసికొని పోవుడి. మందుతో ఆ దినములను సుఖముగా దాటింపవచ్చును. తరువాత మరల పడినను, మరల లేవనెత్తుడి. క్షయ తిరుగబెట్టినవానిని మనము తిట్టుదుమా?

సమాధులమధ్య సంకెళ్లతో కట్టబడియుండిన మనుష్యుని యొద్దకు మన ప్రభువు సముద్రము దాటి పోయిన సంగతి మీరెరుగుదురు. ఊరివారు వానికి దూరముగా నుండిరి. ఆయన దగ్గరకు పోయెను. మన ఊరిలోను తలుపు మూసికొనియున్న యిల్లు ఒకటి ఉండకపోదు. వచ్చే ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత ఆ తలుపు తట్టుడి. ఎక్కువ మాటలతో పని లేదు. రెండు బత్తాయిలు తీసికొని పోయి, ఆ తల్లి ప్రక్కన కొంతసేపు కూర్చుండుడి.